సొంత చేతి సంతకం

గ్రేవ్‌జెండ్
9 మార్చి 2013

తమ్ముడు డెన్నీకి,

నీకంటే ముందు ఈ కవరు విప్పి చదివే జైలు బాబుకి ముందుగా ఒక దండం. కాగితం వేపుడు చేపల కంపు కొడితే ఏమీ అనుకోవద్దని చెప్పు. కొట్టు కట్టేసి నేరుగా వచ్చి రాస్తున్నాను.

ఒరేయ్, ఈసారి ఊసుపోక రాస్తున్న ఉత్తరం కాదు, పని ఉంది. అమ్మ ఈ ఫ్లాట్ కొన్నానని ఊరంతా చెప్పుకుంది గానీ, ఆవిడ కొన్నది తొంభై తొమ్మిదేళ్ల లీజు మాత్రమే. గోడలు, కప్పు, మెట్లు, కింద నేల అన్నీ కింది వాటాలో ఉన్న వెర్నన్ స్టాగ్‌వి. ఆ ఏళ్లు అయిపోయిన రోజున ఇల్లు అతని చేతికే పోతుంది. లీజు పొడిగించమని అడిగే హక్కు మనకుంది, కాదనే హక్కు అతనికి లేదు. కానీ ఈ జూన్ ఇరవై నాలుగు దాటితే మిగిలేది ఎనభై ఏళ్లకి తక్కువ. ఆ గీత కిందికి దిగామా, పొడిగింపు ధర మన శక్తికి మించిపోతుంది. పొడిగించని ఫ్లాట్‌కి బ్యాంకులు మొహం చిట్లిస్తాయి. ఇక కొనేవాడు స్టాగ్ ఒక్కడే మిగులుతాడు, వాడు విదిల్చిందే ధర. వాడు చూస్తున్నది దానికోసమే.

కాబట్టి ముందు పొడిగిద్దాం, తర్వాత అమ్మేద్దాం, ఆగస్టులో నువ్వు బయటికి రాగానే విట్‌స్టబుల్‌లో రెండు గదులు చూసుకుందాం. నువ్వు దవడ విరగ్గొట్టిన స్టాగ్ ఉన్న ఇంటికి నిన్ను ఎలాగూ రానివ్వరు.

అమ్మ వీలునామాలో ఫ్లాట్ ఇద్దరి పేరునా రాసింది. అందుకని నోటీసు మీద ఇద్దరం సొంత చేత్తో సంతకం చేయాలి. లాయరు మిస్ పెటిఫర్ కూడా మన బదులు చేయకూడదట. నోటీసు ఇందులో పెట్టాను. పెన్సిల్ గుర్తు ఉన్న చోట సంతకం పెట్టి వెంటనే పంపు.

వేళకి తిను. చెయ్యి జేబులో పెట్టుకో.

నీ అక్క
నోరీన్

---

మార్ష్‌ఎండ్ జైలు
24 మార్చి

అక్కా,

నన్ను తిట్టే ముందు కూర్చుని చదువు. నోటీసు చించేశాను.

నా గదిలో డాబ్స్ అని ఒకడున్నాడు. మూడుసార్లు లోపలికొచ్చాడు గనక ఇక్కడ అందరూ వాడినే సలహా అడుగుతారు. కాగితం చూడగానే వాడు కళ్లద్దాలు పెట్టుకుని, "జడ్జి నీకేం రాసిచ్చాడు? స్టాగ్‌కి నేరుగా గానీ, ఇంకొకరి చేత గానీ ఏ కబురూ పంపకూడదనా, కాదా?" అన్నాడు. అవునన్నాను. "ఈ నోటీసు పైన ఎవరి పేరుంది? స్టాగ్ పేరు. కింద ఎవరి సంతకం? నీది. ఇంకేముందిరా తమ్ముడూ, ఆగస్టు మర్చిపో" అన్నాడు.

అప్పుడే చించేశానక్కా. స్టాగ్ ఎముక విరిచినందుకు లోపలున్నాను, వాడికి ఉత్తరం రాసినందుకు ఇంకో ఏడాది ఉండమంటావా? నా బదులు నువ్వే పెట్టెయ్. చిన్నప్పుడు బడి చీటీల మీద అమ్మ సంతకం పెట్టింది ఎవరు? అమ్మే పోల్చుకోలేకపోయేది.

డెన్నీ

---

గ్రేవ్‌జెండ్
15 ఏప్రిల్

డెన్నీ,

నీ డాబ్స్ అంత తెలివైనవాడైతే మూడుసార్లు ఎందుకు దొరికాడో అడుగు.

మిస్ పెటిఫర్‌కి చెబితే ఆవిడ నవ్వలేదు. వాళ్ల పెద్ద లాయరు చేత రాయించిన కాగితం కూడా పెట్టాను. చట్టం ఇచ్చిన నోటీసు లాయరు ద్వారా పోతే అది నువ్వు అతనితో మాట్లాడినట్టు కాదు. సంతకం పెట్టనివ్వకుండా జడ్జి నీ ఇల్లు ఊడబెరకడు. ఇక నీ బదులు నేను పెట్టడమంటావా? స్టాగ్ దగ్గర నీ సంతకం ఉంది. నీళ్ల కుళాయి గురించి నువ్వు రాసిన ఉత్తరాలన్నీ వాడు కోర్టులో చూపించాడు, మర్చిపోయావా? పోల్చి చూసి నోటీసు చెల్లదంటాడు. తెలిసేసరికి జూన్ దాటిపోతుంది.

అక్షరాలు వంకర పోతున్నాయని నాకూ తెలుసు, ఎడమ చేత్తో రాస్తున్నాను. కొట్లో కొవ్వు చిట్లి కుడి చెయ్యి కాలింది. పెద్దదేం కాదు.

ఒక మాట చెప్తాను, కోపం తెచ్చుకోకు. అమ్మ చితాభస్మం పెట్టెని మెట్ల కింది అలమరలో పెట్టింది నేను. ఇరవై ఏళ్లుగా మన గొడుగులు అక్కడే ఉండేవి కదా అనుకున్నాను. లీజు పటంలో అది మనది కాదు, స్టాగ్‌దే. వాడు పటం చేత్తో పట్టుకుని, అమ్మని ఎత్తి చెత్తబండిలో వేసి, పైన తడిసిన తివాచీ వేశాడు. నువ్వు వాడిని మెట్ల మీద పడేసి గుద్దుతుంటే నేను పైమెట్టు మీద నిలబడి చూశాను. ఆపలేదు. ఇంకో దెబ్బ పడితే బాగుండుననుకున్నాను. అమ్మ కోపం నీ ఒక్కడికే వచ్చిందనుకోకు.

నాకు ఈ ఇంట్లోంచి పోవాలని ఉందిరా. నువ్వు సంతకం పెట్టకపోతే నేను ఇక్కడే, ఈ మెట్లెక్కుతూ దిగుతూ, వాడి నెత్తి మీదే ముసలిదాన్నైపోతాను. రెండో నోటీసు పెట్టాను. సంతకం చెయ్.

అక్క

---

మార్ష్‌ఎండ్ జైలు
19 మే

అక్కా,

పెట్టాను. చూడు, అడ్డగీత కూడా సరిగ్గా గీశాను.

ఆలస్యమైంది. నన్ను జైల్లోనే వేరే వైపుకి మార్చారు, పాత చోట జాగా చాలదట. డాబ్స్ ఇప్పుడు నా గదిలో లేడు. వాడి గురించి అడగకు.

ఇప్పుడు నాకు జవాబు కావాలి. ఇరవై రెండేళ్లుగా మరిగే కొవ్వు ముందు నిలబడ్డావు. నీ మోచేతుల మీద చుక్కలు చూశాను గానీ, కలం పట్టలేనంతగా చెయ్యి కాల్చుకోవడం ఎప్పుడూ చూడలేదు. నువ్వు బాండీని ఎప్పుడూ ఎడమ చేత్తో పట్టుకుంటావు. కాలితే ఎడమ చెయ్యి కాలాలి. కుడిది ఎందుకు కాలింది?

వాడేమైనా చేశాడా? ఉన్నదున్నట్టు రాయి. నేను బుద్ధిగా ఉంటాను, ఒట్టు.

ఆగస్టు పదహారు, శుక్రవారం. గోడ మీద రాసిపెట్టుకున్నాను.

డెన్నీ

---

గ్రేవ్‌జెండ్
21 జూన్

తమ్ముడికి,

గట్టెక్కాం! మిస్ పెటిఫర్ గుమాస్తా స్వయంగా వచ్చి నోటీసు స్టాగ్ చేతిలో పెట్టి, అందినట్టు రాయించుకున్నాడు. వాడు ఆ గీత దాకా మనల్ని ఈడ్చుకుపోదామనుకున్నాడు, వాడి నోట్లో మట్టి పడింది. సాయంత్రం నేను ఒక్కదాన్నే బీరు తెచ్చుకుని తాగాను.

స్టాగ్ గొడవ చేస్తాడనుకున్నావేమో, లేదు. మెట్ల దగ్గర కనిపించి, "పొడిగింపు కావాలా నోరీన్? మంచిది, అట్లాగే పొడిగిద్దాం" అని నవ్వాడు. దవడ ఒక వైపు తెరుచుకోదు కదా, వాడు నవ్వితే చూడటం కష్టం. అంతే.

చెయ్యి నయమైంది. రెండు వేళ్లు మాట వినవు గానీ ఉప్పు చల్లడానికి మూడు చాలు. మా కొట్లో కొత్త బాండీ తెచ్చారు, దాని పిడి ఎటు తిప్పాలో ఎవరికీ తెలియదు, అందుకే కాలింది. నువ్వు పోలీసువాడివై ఉండాల్సింది.

ఒక్క చికాకు మిగిలింది. నోటీసు ఇచ్చాక ధర కట్టడానికి ఫ్లాట్ చూసే హక్కు యజమానికి వస్తుందట. మూడు రోజుల ముందు చెప్పి రావచ్చు, మనం తలుపు తీయాలి. మిస్ పెటిఫర్ ఈ మాట చివర్లో చెప్పింది, టోపీ పెట్టుకుంటూ. ధర కట్టే మనిషి ఎవరో వస్తాడులే, టేపు పట్టుకుని గోడలు కొలుచుకుపోతాడు.

ఆగస్టులో ఆ శుక్రవారం గేటు దగ్గర నీకు వేడి చిప్సు తెస్తాను, వెనిగర్ నువ్వు పోసుకుందువు.

అక్క

---

మార్ష్‌ఎండ్ జైలు
14 జూలై

అక్కా,

తలుపు తీయకు. హక్కూ లేదు, గిక్కూ లేదు. ధర కట్టేవాడు ఒక్కడే వస్తే తియ్యి. వాడి వెనక స్టాగ్ నీడ కనిపించినా గడియ వెయ్యి. కొట్లోంచి ఎవరినైనా పిలిచి పక్కన పెట్టుకో.

నీ కొత్త బాండీ కథ నేను నమ్మలేదు. అది చదివిన రోజు అన్నం ముట్టలేదు, గోడని గుద్దాను. వాడు నీ మీద చెయ్యి వేశాడని తెలిస్తే వాడి రెండో వైపు దవడ కూడా పోతుంది, తర్వాత నన్నేమైనా చేసుకోనీ. బాబూ, చదువుతున్నావుగా, రాసుకో.

సరే. తగ్గాను. ఇంకొక్క నెల ఓర్చుకో అక్కా. నెల తర్వాత ఎవరూ నిన్ను ఏమీ అనలేరు. పదహారున వస్తున్నాను. చిప్సు మర్చిపోకు.

డెన్నీ

---

హాలోఫీల్డ్ మహిళా జైలు
22 ఆగస్టు

డెన్నీ,

పైన జైలు పేరు చూసి నీ గుండె జారిపోయి ఉంటుంది. నువ్వు ఈపాటికి విని ఉంటావు గానీ, నా నోటి నుంచి వినాలి.

తొమ్మిదో తేదీన ధర కట్టే మనిషి వస్తానన్నాడు. పదకొండుకి అన్నాడు, ఒంటిగంట దాకా రాలేదు. ఇక రాడనుకుని తినడానికి బాండీలో కొవ్వు వేసి పొయ్యి మీద పెట్టాను. అప్పుడు వచ్చాడు, వెనకే స్టాగ్. గడియ వేద్దామనుకున్నాను, కానీ ఆ మనిషి మర్యాదస్థుడిలా టోపీ తీసి నిలబడ్డాడు. తలుపు వేస్తే పొడిగింపు చెడుతుందేమోనని భయపడ్డాను. తీశాను.

ఆ మనిషి పావుగంట కొలిచి, "థాంక్యూ మేడమ్" అని వెళ్లిపోయాడు. స్టాగ్ వెళ్లలేదు. ఆ మనిషి వెనకే తలుపు మూసి, "నేనూ కట్టాలిగా ధర" అన్నాడు.

జుట్టు పట్టుకుని తల వెనక్కి లాగాడు. అమ్మ గాజు గిన్నెలున్న బీరువాకేసి కొట్టాడు, గిన్నెలు మీద పడ్డాయి. "ఈ గోడ నాది" అని ఒకటి, "ఈ కిటికీ నాది" అని ఒకటి, గది గదికీ ఈడ్చి కొట్టాడు. వంటింట్లో నా చెయ్యి పట్టుకుని, "ఇదేనా సంతకం పెట్టింది?" అని పొయ్యి అంచుకి నొక్కాడు. అవును, ఆ కుడి చెయ్యే. ఏప్రిల్‌లో దాన్ని వీధి తలుపులో పెట్టి నలిపింది కూడా వాడే. కొవ్వు, కొత్త బాండీ, అన్నీ అబద్ధం. చెబితే నువ్వు లోపల ఎవడినో కొట్టి ఆగస్టు పోగొట్టుకుంటావని చెప్పలేదు.

నేను అరవలేదు. అరుస్తానని చూశాడు, అరవకపోయేసరికి విసుగొచ్చి వదిలేశాడు. చేతులు తుడుచుకుని తలుపు దాకా నడిచాడు. గడియ మీద చెయ్యి వేశాడు.

అప్పుడు నేను బాండీ ఎత్తి వాడి మీద పోశాను. తల, మెడ, వీపు. తుడుచుకోబోతే కుడి చెయ్యి తోలు ఊడి వచ్చింది. కుడి చెవి లేదట. వాడి అరుపు కింద వీధి దాకా వినిపించిందట. నేనే వాడిని కుళాయి కిందికి ఈడ్చి చన్నీళ్లు పోశాను, నేనే అంబులెన్సుకి ఫోన్ చేశాను. మా కొట్లో కాలినవాళ్లకి ముందు అదే చేస్తాం. వాడు బతికాడు.

పోలీసులకి అంతా చెప్పాను. వీపు నా వైపు తిప్పి ఉన్నాడని కూడా చెప్పాను.

గేటు దగ్గరికి రాలేకపోయాను.

అక్క

---

గ్రేవ్‌జెండ్
11 జనవరి 2014

అక్కా,

నీ ఆగస్టు ఉత్తరానికి నాలుగు జవాబులు రాసి నాలుగూ చింపాను. ఇది మిస్ పెటిఫర్ తెచ్చే లీజు కాగితాల మడతలో పెడుతున్నాను. ఆవిడకి తెలియదు. లాయరు కాగితాలు మధ్యలో ఎవరూ చదవరట, అందుకే మనసు విప్పి రాస్తున్నాను.

నేను నవంబరులో బయటికొచ్చాను. స్టాగ్ వాళ్ల చెల్లెలి దగ్గర, ఎసెక్స్‌లో ఉన్నాడు. వాడు లేడు గనక ఇక్కడ ఉండనిచ్చారు. గోడల మీద నెత్తురు కడిగాను. బీరువా దగ్గర పోలేదు, సున్నం వేశాను. గిన్నెల్లో ఒక్కటే మిగిలింది, నీలంది.

ఆగస్టు పదహారు అబద్ధం అక్కా. మేలోనే పోయింది. నీ రెండో నోటీసు వచ్చిన రోజు డాబ్స్ అది లాక్కుని, "మీ అక్కకి ఇల్లు కావాలా, నువ్వు కావాలా?" అంటూ గదిలో అందరి ముందూ చదివాడు. వాడి మూతి పళ్లు రాలగొట్టి కాగితం తీసుకున్నాను. ఆ నోటీసు మడతలో చుక్కలు టీ మరకలనుకున్నావేమో. దానికి రోజులు పెంచారు, జూన్‌లో ఇంకోసారి పెంచారు. నీకు రాద్దామని కూర్చున్న ప్రతిసారీ చెయ్యి పదహారు అనే రాసింది. నువ్వు ఆ తేదీ పట్టుకుని నిలబడ్డావని తెలుసు, అందుకే తీసేయలేకపోయాను.

ఇప్పుడు నా మాట విను. వచ్చే నెల నీ విచారణ. వాడు నడిచిపోతున్నాడని మళ్లీ చెప్పకు. గడియ తీయడానికి కాదు, వేయడానికి చెయ్యి పెట్టాడని చెప్పు. గడియ వేసి మళ్లీ నీ మీదికి వచ్చేవాడని చెప్పు. ఎవరు చూశారు? ఆ ఒక్క మాటకి ఏళ్లు తగ్గుతాయి.

ఇంకోటి నాకు అర్థం కావడం లేదు. కొడుతున్నంతసేపూ చేతికందే దూరంలో బాండీ ఉంది, నువ్వు ముట్టలేదు. వాడు పోతుంటే ఎందుకు పోశావు? ఏమన్నాడు?

కొత్త లీజు ఇదిగో. తొంభై ఏళ్లు కలిశాయి. ఏం జరిగినా వాడు ఇవ్వాల్సిందేనట, చట్టం అట్లా ఉంది. ఆఖరి పుటలో మూడు చోట్లున్నాయి. స్టాగ్ సంతకం చూడు, చిన్నపిల్లాడు గీసినట్టుంది, ఏప్రిల్‌లో నీ అక్షరాల్లాగే. పక్కన నాది. నీ చోటు ఖాళీగా ఉంది. సొంత చేత్తో పెట్టాలి.

డెన్నీ

---

హాలోఫీల్డ్ మహిళా జైలు
19 జనవరి

తమ్ముడు డెన్నీకి,

ఈ ఉత్తరం కూడా మిస్ పెటిఫర్ కాగితాల మడతలోనే వస్తుంది. సంతకం పెట్టాను, కుడి చేత్తోనే. పది నిమిషాలు పట్టింది. మిస్ పెటిఫర్ కిటికీ వైపు చూస్తూ కూర్చుంది, మంచి మనిషి.

వాడు గడియ తీస్తున్నాడు. తీస్తున్నాడనే చెప్తాను. వాడి చేతిలో ఇన్నాళ్లూ పడ్డాను, ఇప్పుడు వాడి కోసం అబద్ధం కూడా ఆడను.

ఏమన్నాడని అడిగావు. చెప్పకూడదనుకున్నాను. కానీ ఆగస్టు సంగతి నువ్వే రాశావు గనక చెప్తాను. అది నాకు నీకంటే ముందు వాడే చెప్పాడు. దెబ్బలు తిన్నది వాడు కాబట్టి, కొట్టినవాడు ఎప్పుడు విడుదలవుతాడో జైలువాళ్లు వాడికి ఉత్తరం రాస్తారట. విడుదల వాయిదా పడితే అదీ రాస్తారు. అక్కకి రాయరు.

గడియ మీద చెయ్యి వేసి, వెనక్కి చూడకుండానే అన్నాడు. "పదహారున జైలు గేటు దగ్గరికి పోకు నోరీన్, అక్కడ ఎవరూ ఉండరు. మీ తమ్ముడు నీకు చెప్పలేదా? నవంబరు దాకా మనమిద్దరమేగా. రేపు మళ్లీ వస్తా."

దెబ్బలన్నీ ఓర్చుకున్నానురా. ఇంకో వారమే కదా అని ఓర్చుకున్నాను. ఆ వారం వాడు నా చేతిలోంచి లాగేశాడు. వాడు అబద్ధం చెబుతున్నాడేమో అని ఒక్క క్షణం చూశాను. చూస్తే నీ మే ఉత్తరం గుర్తొచ్చింది, వేరే వైపుకి మార్చారు, డాబ్స్ గురించి అడగకు అన్నావే, అది. నిజమేనని తెలిసిపోయింది. అప్పుడు ఎత్తాను.

నా తరఫున వాదించేవాడు కూడా అడిగాడు, "వెళ్తూ ఏమైనా అన్నాడా? బెదిరిస్తే మనకి పనికొస్తుంది." ఏమీ అనలేదన్నాను. చెబితే నిన్ను బోనెక్కించి, అక్కకి అబద్ధం ఎందుకు రాశావని అడుగుతారు. పేపర్లో వేస్తారు. నువ్వు ఆ మాట జీవితమంతా మోస్తావు. నేనిక్కడ కొన్నేళ్లుంటాను, అంతే.

ఫ్లాట్ అమ్మెయ్. విట్‌స్టబుల్‌లో రెండు గదులు చూడు, ఒకటి నాది. నీలం గిన్నె దాచు. నా విచారణ అయ్యాక నాకు ఎన్నేళ్లు వేశారో నేను రాస్తాను, చూడ్డానికి ఎప్పుడొస్తావో నువ్వు రాయి. తేదీ ఎంత దూరమైనా సరే, నిజమైనదే రాయి.

అక్క
నోరీన్